పిల్లని మ్యూజిక్ కన్సర్వటోరీలో చేర్చే ముందు

ఈ మధ్య ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళలో ముగ్గురు నలుగురు ఇదే అడిగారు, అక్కా మా పాపకి మ్యూజిక్ కన్సర్వటోరీలో (పాశ్చాత్య సంగీతం నేర్పే కాలేజీ) సీటొచ్చింది, మీ అమ్మాయి చదివింది కదా ఎలా ఉంటుంది అని. ఫీజులు, హాస్టల్ సంగతులు ఆ కాలేజీవాళ్ళే చెప్తారు. పిల్ల లోపల ఏం మారుతుందో అది నేను చెప్తాను, నాకప్పుడు చెప్పినవాళ్ళు లేరు.

అక్కడ పిల్లలు పరిచయం చేసుకునేదే నేను వయొలిన్, తను చెల్లో అని. రెండో ప్రశ్న నీ టీచర్ ఎవరు అని. ఫలానా ఆవిడ స్టూడెంట్ అంటే చాలు, నీ స్థాయి ఏంటో అవతలివాళ్ళు లెక్కేసేసుకుంటారు. మొదట్లో ఇదంతా భలే బాగుంటుంది. స్కూలంతటికీ వయొలిన్ వాయించే ఒకే ఒక్క పిల్లగా ఉండి ఉండి, ఒక్క స్వరం గురించి అర్ధరాత్రి దాకా వాదించుకునేవాళ్ళ మధ్యకి వచ్చేసరికి మా అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది, రెండు నెలలు ఫోన్లో మాటలు ఆగలేదు.

తర్వాత మాటలు తగ్గాయి. అక్కడికి వచ్చిన ప్రతి పిల్లా వాళ్ళ ఊళ్ళో ఫస్టే మరి. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్రాక్టీస్ రూముల కారిడార్‌లో నడుస్తూ నడుస్తూ తను ఒక తలుపు దగ్గర ఆగిపోయింది, నెలరోజులుగా తను కుస్తీ పడుతున్న పీస్‌నే లోపల ఎవరో అవలీలగా వాయించేస్తున్నారు, పద అమ్మా అని నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిపోయింది, ఇక ఆ సాయంత్రమంతా మాట లేదు. లోపలున్నది తన బెస్ట్ ఫ్రెండే అని తర్వాత తెలిసింది. రేపు ఆర్కెస్ట్రా ఉద్యోగానికి ఆడిషన్ ఇచ్చేది కూడా ఆ ఫ్రెండ్‌తో పోటీపడే.

దానికి తోడు వారం వారం ఒక్క టీచర్ ఎదురుగా లెసన్, ఏళ్ళ తరబడి అదే మనిషి. ఇవాళ టోన్ బాలేదు అని ఆవిడంటే పిల్లకి నువ్వే బాలేదు అన్నట్టు వినిపిస్తుంది. రెండో ఏడు మణికట్టు నొప్పి మొదలైతే కచేరీలోంచి తీసేస్తారేమోనని రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు, పొడుగు చేతుల చొక్కా కింద బ్యాండేజ్ కట్టుకుని వాయించింది. ఆఖరికి డాక్టర్ ఆరు వారాలు ముట్టుకోవద్దంటే, అమ్మా వయొలిన్ లేకపోతే నేనెవర్ని అంది. నాకు జవాబు తోచలేదు. వెంటనే బయల్దేరి వెళ్ళి పక్కన కూర్చున్నా.

అప్పటిదాకా నేను ఫోన్ చేస్తే మొదటి మాట ఎన్ని గంటలు ప్రాక్టీస్ చేశావ్ అనే. 10,000 గంటలు ప్రాక్టీస్ చేస్తేనే గొప్పవాళ్ళవుతారని అందరూ చెప్పే ఆ లెక్క ఆండర్స్ ఎరిక్సన్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్ళు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసి 1993లో వేసిన స్టడీలోంచి వచ్చిందే, కానీ అందులోనే ఇంకో సంగతి ఉంది, బాగా వాయించేవాళ్ళు నిద్ర కూడా ఎక్కువే పోయారు, మధ్యాహ్నం కునుకు తీశారు, ప్రాక్టీస్ మధ్యలో విరామం ఇచ్చారు. ఇది మనవాళ్ళెవరూ చెప్పరు.

కాబట్టి చెల్లెళ్ళూ, ఫోన్ చేస్తే ఏం చదువుతున్నావ్, ఎవరితో తిరుగుతున్నావ్, నిద్రపోయావా అని అడగండి. వయొలిన్ సంగతి తనే ఎత్తుతుంది. సంగీతంతో సంబంధం లేని స్నేహం ఒక్కటైనా ఉండేట్టు చూడండి. మా అమ్మాయి ఆ ఆరు వారాల్లో బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళతో కలిసింది (ఎడమ చేత్తో ఆడేదిట, నొప్పి కుడి చేతికి), తను ఏం వాయిస్తుందో వాళ్ళకి తెలీదు, ఓడిపోయినా నవ్వుకునేవాళ్ళు, ఆ స్నేహాలే ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

చేరేముందే కాలేజీవాళ్ళని రెండు అడగండి, టీచర్‌తో కుదరకపోతే మార్చుకోవచ్చా, నొప్పి వస్తేనో మనసు బాలేకపోతేనో ఎవరి దగ్గరికెళ్ళాలి, అది టీచర్‌కి తెలియకుండా ఉంటుందా అని. జవాబు ఈమెయిల్లో తెప్పించుకుని, ఆ పేరూ నంబరూ పిల్ల ఫోన్లో వేసి పంపండి.