కొట్టంలోకి వచ్చే అధికారం డాక్టరుకు ఉందా?

ప్రశ్న: సార్, మాది పలమనేరు దగ్గర పల్లె. ఆరు జెర్సీ క్రాస్ ఆవులున్నాయి. పది రోజుల కిందట ఒకదానికి జ్వరమొచ్చి ఒళ్లంతా గడ్డలు లేచాయి. ఎవరికీ చెప్పలేదు. నేను ఊళ్లో లేనప్పుడు పశువుల డాక్టరుగారు కొట్టంలోకి వచ్చి చూసి, దాన్ని వేరుగా కట్టమని, మిగతావాటిని కూడా ఇప్పుడే సంతకు తోలొద్దని మా ఆవిడతో చెప్పి పోయారు. అమ్మాయి ఫీజు కోసం ఒక ఆవును అమ్మాలనుకున్నాను. అడక్కుండా నా కొట్టంలోకి రావచ్చా? ఆవును చంపేస్తారా?

జవాబు: చంపరు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మీరు చెప్పిన లక్షణాలు లంపీ చర్మవ్యాధివి. మన దగ్గర దీనికి వైద్యం చేసి ఆవును నిలబెట్టుకోవడమే పద్ధతి. సరిగ్గా చూసుకుంటే ఎక్కువ పశువులు కోలుకుంటాయి. దూడలు, నీరసించిన గొడ్ల విషయంలోనే భయం ఎక్కువ. రోగం పాకకుండా పశువును చంపించే అధికారం చట్టంలో ఉన్నమాట నిజమే. దానికి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్ల ఫారాల్లో చూస్తుంటాం కదా, అలాంటి సందర్భాలు వేరు.

ఇక కొట్టంలోకి రావడం సంగతి. 2009లో వచ్చిన పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం కింద పశువైద్యుడు కొట్టమైనా, పొలమైనా, గొడ్లను ఎక్కించుకుపోయే బండి అయినా ఎక్కి చూడొచ్చు. యజమాని ఒప్పుకుంటేనే అన్న షరతు అందులో పెట్టలేదు. లంపీ కూడా ఆ చట్టం జాబితాలో ఉన్న రోగమే. అయితే ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి తిరిగే మనిషి బూట్లకు కూడా రోగం అంటుకుని రావచ్చు. ఈసారి డాక్టరుగారు వస్తే వాకిట్లో బ్లీచింగ్ నీళ్ల బకెట్ పెట్టి, ‘సార్, కాళ్లు కడుక్కుని రండి’ అనండి. మంచి డాక్టరైతే సంతోషిస్తాడు.

కోపం తెచ్చుకోకుండా వినండి, చట్టం ప్రకారం తప్పిన మనిషి మీరే. రోగం అనుమానం రాగానే గ్రామాధికారికో పంచాయతీకో చెప్పడం, జబ్బు గొడ్డును వేరుచేసి ఊరందరి మేత బీడుకు, నీళ్ల తొట్టికి పోనివ్వకుండా చూడడం యజమాని బాధ్యత. పది రోజులు ఊరుకున్నారు. ఈ వైరస్‌ను మోసేవి దోమలు, కుట్టే ఈగలు, పిడుదులు. పక్కింటి కొట్టం వాటికి ఎంత దూరం? మొదటి తప్పుకు జరిమానా 1000 రూపాయల దాకానే, కట్టకపోతే నెల వరకు జైలు. ఈ రోజుల్లో వెయ్యి రూపాయలకు ఎవరు భయపడతారని నాకూ అనిపిస్తుంది. కానీ పక్కవాళ్ల చూడి ఆవు ఈసుకుపోతే, ఆ మాట మీరు ఎన్నేళ్లు పడాలి?

అమ్మకం గురించి. జబ్బు ఆవును సంతకు తేవడం ఎప్పుడూ నేరమే. బాగున్న ఆవుల లెక్క వేరు. ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటిస్తే అక్కడి నుంచి ఆ రోగం సోకే జాతి పశువులను కదిలించకూడదు. ఆ ప్రకటనను తెలుగు పేపర్లో వేసి, ఊళ్లో దండోరా కూడా వేయించాలి. మీ ఊళ్లో దండోరా పడిందా? పడకపోయినా, రోగం అంటిందన్న అనుమానం ఉన్న పశువును ఉన్నచోటే ఉంచమని డాక్టరు ఉత్తర్వు ఇవ్వొచ్చు, అదీ రాతలో. కాబట్టి, ‘సార్, ఏయే ఆవును ఎన్నాళ్లు ఆపాలో కాగితం మీద రాసివ్వండి’ అని అడగండి. నోటిమాటతో మీకూ ఇబ్బందే, ఆయనకూ ఇబ్బందే.

కాగితం వచ్చినా రాకపోయినా ఆ అమ్మకం ఆపమనే నా సలహా. ఈ రోగం ఒంట్లో చేరాక బయటపడడానికి 28 రోజుల దాకా పట్టొచ్చు. ఇవాళ నున్నగా కనిపించే ఆవు కొన్నవాడి ఇంట్లో గడ్డలు వేస్తే గొడవ మీ గుమ్మంలోకే వస్తుంది. కర్ణాటక, తమిళనాడు మీకు కూతవేటు దూరమే. దారిలో చెక్‌పోస్టులో ఆపి, గొడ్లను అక్కడే నిలిపేసే అధికారం కూడా ఉంది. టీకా వేయకుండానే సర్టిఫికెట్ తెప్పిస్తానని దళారి ఎవరైనా అంటే నమ్మకండి. దొంగ సర్టిఫికెట్ ఇచ్చినవాడికి 5000 దాకా జరిమానా ఉంది, మధ్యలో మీ పేరూ నలుగుతుంది.

గడ్డలు లేని మిగతా ఐదింటికి, లంపీ రాకుండా ఆవులకు కూడా వేసే మేక మశూచి టీకా గురించి డాక్టరుగారినే అడగండి. జబ్బు ఆవుకు అది వేయరు. ఆ ఆవు గడ్డలు ఎండి చెక్కులుగా ఊడతాయి. ఆ చెక్కుల్లో వైరస్ 35 రోజుల దాకా బతకగలదు. వాటిని చీపురుతో ఊడ్చి పెంటకుప్పలో వేయకండి, ఏరి కాల్చేయండి. దాని కింద పరిచిన గడ్డి, తినగా మిగిలిన మేత వేరే గొడ్లకు వేయొద్దు. సాయంత్రం వేపాకు పొగ పెట్టండి. పాలు కాచి తాగొచ్చు, ఇది మనుషులకు అంటే రోగం కాదు.

ఫీజు సంగతి కాలేజీలో మాట్లాడి నెల రోజులు గడువు అడగండి. ఆలోగా మిగతావాటికి ఏమీ రాకపోతే, ఆపమన్న కాగితం గడువు కూడా తీరితే, చెవిపోగు నంబరుతో టీకా వివరాలు రాయించుకుని పగటిపూటే సంతకు తోలండి.