మీట నొక్కే ముందు ఒక అంచనా

ప్రశ్న: మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. లెక్కలకు భయపడి ఈ శాఖ ఎంచుకున్నాను. ఇక్కడా గణాంకశాస్త్రం తప్పలేదు. సాఫ్ట్‌వేర్ ఉంది కనుక సులువేనన్నారు. నిజమే, మీట నొక్కితే పట్టికలు వస్తున్నాయి, మార్కులూ వస్తున్నాయి. కానీ ఆ పట్టిక ఏం చెబుతోందని అడిగితే నోరు పెగలదు. ఈ సబ్జెక్టు నాకు రానట్టేనా? అంతా చేత్తో చేసి నేర్చుకోవాలా?

జవాబు: రానట్టు కాదు. మార్కులు వచ్చాయి కదా అని ఊరుకోకుండా ఈ ఉత్తరం రాశారు. ఆ అసంతృప్తిని పోగొట్టుకోకండి.

గణాంకశాస్త్రం పట్ల విద్యార్థుల వైఖరిని కొలవడానికి 36 అంశాల ప్రశ్నావళి ఒకటి ఉంది. ఇష్టం, నేర్చుకోగలనన్న నమ్మకం, సబ్జెక్టు విలువ, కష్టం, ఆసక్తి, పడే శ్రమ ఇందులో వేర్వేరుగా లెక్కకు వస్తాయి. మీకు కొరవడింది నమ్మకం ఒక్కటే అనిపిస్తోంది. దాన్ని సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇవ్వలేదు.

చేత్తో చేయడమా? నా చదువంతా అలాగే సాగింది. సంఖ్యలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం లెక్కలో ఒక్క కూడిక తప్పితే సాయంత్రమంతా వృథా అయ్యేది. ఆ కూడికలతో నాకు ఓపిక అలవడింది కానీ విచలనం అంటే ఏమిటో తెలియలేదు. ఐదు సంఖ్యలతో ఒక్కసారి చేయండి, చాలు.

ఆ తర్వాత గణాంకాలకు వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ తెరవండి. 1973లో గణాంకవేత్త ఫ్రాన్సిస్ యాన్‌స్కోంబ్ తయారుచేసిన నాలుగు దత్తాంశాలు (సంఖ్యల సమితులు) అందులో ఆయన పేరుతోనే ఉంటాయి. ఒక్కోదానిలో 11 బిందువులు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు సుమారు 7.5, ఆ రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే సహసంబంధ గుణకం దాదాపు 0.82. పట్టిక మాత్రమే చూస్తే నాలుగూ ఒకటే అనుకుంటాం. ప్రతి ఎక్స్, వై జతనూ ఒక చుక్కగా పెట్టే స్కాటర్ ప్లాట్ గీయండి. ఒకటి మామూలుగా చెదిరిన చుక్కలు, ఒకటి వంపు తిరిగిన గీత, ఒకటి తిన్నని వరుస నుంచి ఒక్క చుక్క తప్పిపోయినది. నాలుగోదానిలో పది చుక్కలు ఎక్స్ 8 దగ్గర నిలువుగా నిలబడితే, పదకొండోది 19 దగ్గర ఒంటరిగా ఉంటుంది. దాన్ని తీసేస్తే ఎక్స్ అన్నిటిలో ఒకటే అవుతుంది, సహసంబంధం లెక్కించడమే కుదరదు! తరగతిలో ఈ నాలుగో పటం వచ్చినప్పుడల్లా కాసేపు మాట్లాడకుండా ఆగుతాను. విద్యార్థులు ముందుకు వంగి చూస్తారు. కంప్యూటర్ లేని రోజుల్లో ఇన్ని పటాలు ఒక గంటలో చూపించడం నా వల్ల అయ్యేది కాదు.

మీ సొంత దత్తాంశంతోనూ అంతే. ముందు పటం గీయండి. సహసంబంధం ఎంత ఉండవచ్చో కాగితం మీద రాయండి. అప్పుడే మీట నొక్కండి. తేడా ఎక్కువగా ఉంటే పటం దగ్గరికి తిరిగి వెళ్లి, ఏ చుక్క వల్ల అలా వచ్చిందో వెతకండి. నా విద్యార్థులు మొదట్లో అంచనాను పెన్సిలుతో రాసి, జవాబు రాగానే చెరిపేసేవారు. మీరు పెన్నుతో రాయండి.