మిర్చి డబ్బులు వచ్చేదాకా టీకా ఆపొద్దు

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర పల్లె. పాపకు ఎనిమిదో నెల. నెలన్నరప్పుడు టీకా వేయిస్తే రాత్రంతా జ్వరం వచ్చింది, మళ్లీ వేయించలేదు. ఫ్రీ టీకాలు అంతగా పనిచేయవంటున్నారు. ములుగు వైపు మిర్చి ఏరడానికి పోతున్నాం, ఆ డబ్బులతో వరంగల్‌లో ప్రైవేటులో వేయించాలా? పాపకు నాలుగు రోజులుగా దగ్గు. పెద్దోడికి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ పోస్తున్నాం.

జవాబు: ముందు దగ్గు సంగతి చూడండి. మిగిలిన సిరప్ పసిపిల్లకు ఎలా పోస్తారండీ? పెద్దోడి డోసు వేరు, పొడిలో నీళ్లు కలిపిన సిరప్ కొద్దిరోజులకే పాడవుతుంది. చూడకుండా నేను జబ్బు పేరు చెప్పలేను. ఇవాళే డాక్టరుకు చూపించండి, సిరప్ సీసా కూడా పట్టుకెళ్లండి. పాప నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 50 గానీ అంతకు మించి గానీ ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా రాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

న్యుమోనియా తెచ్చే రెండు ముఖ్యమైన సూక్ష్మక్రిములకు టీకాలు ఉచితంగానే ఉన్నాయి. ఒకటి పెంటావాలెంట్‌లో, అంటే ఐదు జబ్బులకు కలిపి వేసే టీకాలో, కలిసి ఉంటుంది. రెండోది న్యూమోకోకల్ టీకా. ప్రైవేటులో దీనికి డోసుకు వేలల్లో తీసుకుంటారు, 2021 నుంచి దేశమంతా ప్రభుత్వమే ఇస్తోంది. ఫ్రీ అంటే నాసిరకం కాదు. పెంటావాలెంట్‌కు బదులు ప్రైవేటులో వేసే ‘నొప్పి లేని’ రకానికి జ్వరం, నొప్పి కాస్త తక్కువ. టీకా జ్వరం మామూలుగా ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. బరువును బట్టి పారాసిటమాల్ చాలు. అప్పట్లో ఫిట్స్ వచ్చినా, గంటల తరబడి ఆపకుండా ఏడ్చినా ఆ మాట నర్సుకు ముందే చెప్పాలి.

నన్ను భయపెట్టేది ఆలస్యమే. పాప ఐదు నెలలుగా అరకొర రక్షణతో ఉంది. మిర్చి చేల దగ్గర గుడిసెల్లో పది ఊళ్ల పిల్లలు ఒకచోట ఉంటారు, ఒకరికి తట్టు వస్తే అందరికీ పాకుతుంది. తొమ్మిది నెలలు నిండని పసికందులకు ఆ టీకా మామూలుగా వేయరు కాబట్టి పెద్ద పిల్లలు వేయించుకుంటేనే వాళ్లకు రక్షణ. పాప ఆసుపత్రిలో పడితే తల్లి కూలి పోతుంది, తండ్రి కూలి పోతుంది, బండి కిరాయికి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి. సీజన్ సంపాదనంతా అక్కడే పోయిన కుటుంబాలను చూస్తూనే ఉన్నాను.

మళ్లీ మొదటి నుంచి వేయించక్కర్లేదు, ఆగిన చోటి నుంచే వేస్తారు. దగ్గు చూపించినప్పుడే అడగండి, మామూలు జలుబు, దగ్గు టీకాకు అడ్డం కాదు. ఊరు దాటేలోపు ఒక డోసు పడాలి, పెంటావాలెంట్ తర్వాతిది నాలుగు వారాలకు. మహారాష్ట్రలో ఇచ్చిన టీకా కార్డు చూపిస్తే తెలంగాణలోనూ ఉచితంగానే వేస్తారు. కార్డు బట్టల మూటలో కాదు, తల్లి చేతి సంచిలో పెట్టుకోండి. తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా ఉంటుంది, న్యూమోకోకల్ తర్వాతి డోసు ఎప్పుడో నర్సును అడగండి. అప్పటికి మీరు చేల దగ్గరే ఉంటారు కాబట్టి వెళ్లగానే అక్కడి ఆశా కార్యకర్తకు పాప పేరు రాయించండి.