అమెరికా ఫోన్‌లో మన సిమ్ వేయాలంటే..

ప్రశ్న: మాది కావలి. అమెరికాలో ఉండే మా తమ్ముడు తను వాడిన ఐఫోన్ నాకు పంపాడు. మన సిమ్ తీసుకోవడం లేదు. అక్కడి మొబైల్ నెట్‌వర్క్ కంపెనీకి లాక్ అయి ఉందట. నెల్లూరులో ఒక షాపువాళ్లు లాక్ తీస్తామని వెయ్యి రూపాయలు అడ్వాన్స్ తీసుకుని, ఇప్పుడు ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరు మార్చాలంటున్నారు. ఇదంతా నేరమని మావారు భయపడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ షాపులో ఫోన్ ఉంటే ఈ రోజే వెనక్కి తెచ్చుకోండమ్మా. లాక్ వేసిన కంపెనీ చేతే దాన్ని తీయించుకోవడం నేరం కాదు. అమెరికాలో కూడా వినియోగదారుడు తన ఫోన్‌ను అన్‌లాక్ చేయించుకోవచ్చని 2014లో చట్టమే చేశారు. కానీ ఐఎంఈఐ జోలికి వెళ్లారో, మీవారి భయం నిజమవుతుంది. టెలికమ్యూనికేషన్ల చట్టం, 2023లోని 42వ సెక్షన్ ప్రకారం ఆ నంబరు మార్చితే 3 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నంబరు మార్చిన ఫోన్ అని తెలిసీ దగ్గర పెట్టుకున్నా అదే సెక్షన్ వర్తిస్తుంది. అసలు సిమ్ లాక్ తీయడానికి ఐఎంఈఐ మార్చాల్సిన అవసరమే లేదు. అందుకే ఆ షాపు మాట నాకు ఏమాత్రం నచ్చలేదు.

ఈ పని మీ తమ్ముడి చేతుల్లో ఉంది. ఫోన్ ఎవరి ఖాతాలో కొన్నారో వాళ్లే ఆ కంపెనీని అడగాలి. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు అతనికి పంపండి. వాయిదాలు, బిల్లులు బాకీ ఉంటే కంపెనీ ఒప్పుకోదు. ముందు అవి కట్టేయమనండి. కొన్నాళ్లు వాళ్ల నెట్‌వర్క్‌లో వాడి ఉండాలన్న షరతు కూడా ఉంటుంది. అతను తన ఆపిల్ ఖాతా నుంచి ఫోన్‌ను తొలగించాడో లేదో కూడా అడగండి, అది వేరే లాక్. కంపెనీ ఒప్పుకున్నాక సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని కనిపించాలి.

ఇక అడ్వాన్స్ సంగతి. రసీదు ఇవ్వకపోయినా ఫోన్‌పేలో కట్టిన వివరం, ఐఎంఈఐ మారుస్తామన్న వాట్సాప్ మెసేజ్ ఉంటే చెరిపేయకండి. డబ్బు తిరిగివ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ తేలకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. వెయ్యి రూపాయలకు ఇంత తిరగాలా అనిపిస్తే ఫిర్యాదు మానుకోండి గానీ, ఫోన్ మాత్రం అక్కడ వదలకండి.