టెక్ సందేహాలు: కొత్త రికార్డు మీద తెల్లపొడి, మబ్బు మరక

ప్రశ్న: కొత్త ఎల్పీ రికార్డు సీలు విప్పితే తెల్లటి పొడి, ఒక పక్క మబ్బులాంటి మరక ఉన్నాయి. ప్లే చేస్తే చిటపటలు. ఫ్యాక్టరీలో పూసిన కెమికల్ అని ఒకరన్నారు. శానిటైజర్‌తో తుడిస్తే మరక ఇంకా పెరిగింది. దగ్గరగా చూద్దామని మైక్రోస్కోప్ కెమెరా కొంటే దాని యాప్ ఇన్‌స్టాల్ కావడం లేదు. మా తాతగారి 78 స్పీడు ప్లేట్లు కూడా శుభ్రం చేయాలి. ఏం చేయమంటారు?

జవాబు: ఆ యాప్ ఇన్‌స్టాల్ కాకపోవడమే మంచిదైంది. దాని సంగతికి వస్తాను, ముందు రికార్డు చూద్దాం.

కొత్త రికార్డు మీద మరకలంటూ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. దాదాపు అందరూ చేసే పని ఒకటే, అదేంటో చూడకుండా చేతికందింది పూసేయడం. రికార్డును లైటు కింద ఏటవాలుగా పట్టుకోండి. మెత్తటి బ్రష్ తగిలితే కదిలే తెల్లటి నలుసులు కాగితం పొడి. లోపలి కవరు గరుకు కాగితమైతే రికార్డును తీసి పెట్టిన ప్రతిసారీ రాలుతుంది. రికార్డు చేసే ప్లాస్టిక్ అయిన వినైల్‌కు స్టాటిక్, అంటే రాపిడితో పుట్టే విద్యుత్తు, ఎక్కువ కాబట్టి అతుక్కుని కూర్చుంటుంది.

మబ్బు పట్టినట్టు, కాస్త జిడ్డుగా, కవరు తగిలిన మేర కనిపించే మరక వేరు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో, అవి మెత్తగా ఉండటానికి ప్లాస్టిసైజర్ అనే రసాయనం కలుపుతారు. గోడౌన్ వేడిలో నెలల తరబడి ఉంటే అది రికార్డు మీదికి దిగుతుంది. ఒక్కోసారి వినైల్ పైపొరనే తినేస్తుంది, అప్పుడు ఎంత కడిగినా పోదు. రికార్డు అచ్చు నుంచి ఊడిరావడానికి నూనె పూస్తారన్న మాట మాత్రం నమ్మకండి. ఆ పని చేసే లూబ్రికెంట్లు ముడిసరుకులోనే కలిసి ఉంటాయి.

గాడుల్లో ఒకచోట బూడిదరంగు చారలా ఉండి, తుడిచినా పోక, అక్కడికి సూది రాగానే గుడ్డ చింపినట్టు చప్పుడొస్తోందా? అది మరక కాదు, అచ్చులో వినైల్ పూర్తిగా నిండని లోపం. 33⅓ స్పీడులో, అంటే నిమిషానికి అన్ని చుట్లు తిరిగితే, ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. చప్పుడు అదే లెక్కన తిరిగొస్తుంటే రుద్దకండి. వీడియో తీసి, రికార్డు మార్చి ఇమ్మని అడగండి.

శానిటైజర్‌లో చేతులు పొడిబారకుండా గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. స్పిరిట్ ఎగిరిపోయాక అవి గాడుల్లో మిగులుతాయి. బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి ఉప్పు వదులుతాయి. డిస్టిల్డ్ వాటర్ లీటరులో రంగూ వాసనా లేని లిక్విడ్ సోపు రెండు మూడు చుక్కలు చాలు. ఇన్వర్టర్ బ్యాటరీ కోసం అమ్మే డిస్టిల్డ్ వాటరైనా సరే, పక్కనే పెట్టి అమ్మే యాసిడ్ డబ్బా కాకుండా చూసుకోండి. మైక్రోఫైబర్ గుడ్డతో గాడుల వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. మధ్యలో లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి, నిలబెట్టి ఆరనివ్వండి. పూర్తిగా ఆరాక యాంటీ స్టాటిక్ కవరులో పెట్టండి. పాత కవరులోనే పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక మైక్రోస్కోప్. నాకు అసలు టెన్షన్ ఇదే. ఇలాంటి చవక కెమెరాల డబ్బా మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే చాలాసార్లు ప్లే స్టోర్‌కు కాకుండా ఏదో వెబ్‌సైట్‌కు వెళ్లి ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ ఎక్కించే ఫైలు, దిగుతుంది. ఫోన్ అడ్డుకుంటే సెక్యూరిటీ సెట్టింగ్ తీసేయమని డబ్బాలోని కాగితమే చెబుతుంది. కొన్నవాడి ఫోన్ తలుపులు కొన్నవాడి చేతే తీయించడం ఏం డిజైన్? బొమ్మ చూపించే కెమెరాకు మీ ఎస్సెమ్మెస్‌లతో ఏం పని? ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇస్తే యాప్ ఓటీపీలు చదవగలదు. యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇస్తే స్క్రీన్ మీద ఉన్నది చదివి, మీ బదులు బటన్లు కూడా నొక్కగలదు. బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే నకిలీ యాప్‌లు పట్టుకునేవి ఈ రెండు పర్మిషన్లే. బల్బు, ఫ్యాను, తూకం యంత్రం, ఇప్పుడు మైక్రోస్కోప్... ప్రతిదానికీ ఒక యాప్ తగిలించడం మానాలి. అడిగిందల్లా ‘అలో’ అని నొక్కుకుంటూ పోవడం మనమూ మానాలి.

మీది యూఎస్‌బీ కెమెరా అయితే యాప్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కు పెట్టి, విండోస్‌లో ముందే ఉండే కెమెరా యాప్ తెరవండి. చాలావరకు మామూలు వెబ్‌క్యామ్‌లాగే పనిచేస్తుంది. యాప్ లేకుండా కదలని వైఫై రకమైతే తిరిగి ఇచ్చేయండి. ఇప్పటికే ఏదైనా పర్మిషన్ ఇచ్చి ఉంటే తీసేసి, యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, బ్యాంకు పాస్‌వర్డు, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తాతగారి 78 స్పీడు ప్లేట్లు చాలావరకు లక్కతో చేసినవి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. శానిటైజర్ తగిలిందంటే గాడులే పోతాయి, పాట తిరిగి రాదు. వాటిని నానబెట్టకుండా, డిస్టిల్డ్ వాటర్‌లో పిండిన గుడ్డతో తేలిగ్గా తుడిచి వెంటనే ఆరబెట్టండి.