తల్లి వరుస కిందనే పిల్ల వరుసలు రావడానికి

ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని హైదరాబాద్ ప్రాంతాల పట్టికను పేరు ప్రకారం ఆర్డర్ బై చేస్తే (క్రమంలో పెడితే) ఖైరతాబాద్ కింద ఉండవలసిన సోమాజిగూడ సికింద్రాబాద్ కిందికి చేరుతోందనీ, సికింద్రాబాద్ అని ఫిల్టర్ పెడితే మారేడుపల్లి, బోయిన్‌పల్లి వచ్చి సికింద్రాబాద్ వరుస మాత్రం రావడం లేదనీ అడిగారు.

ఇక్కడ ఖైరతాబాద్ వంటి పై స్థాయి ప్రాంతం తల్లి వరుస, దాని కిందిది పిల్ల వరుస. మీ క్వెరీ ప్రతి వరుసనూ దాని సొంత పేరుతోనే పేరుస్తోంది. పేరెంట్ ఐడీ (పిల్ల వరుసలో ఉండే తల్లి వరుస ఐడీ) ఆధారంగా పట్టికను దానితోనే లెఫ్ట్ జాయిన్ చేసి (తల్లి లేని వరుసలనూ ఉంచే కలయిక), ఆర్డర్ బైలో మొదట కోయలెస్‌తో (నల్ కాని మొదటి విలువను ఇచ్చే ఫంక్షన్) తల్లి పేరును, అది నల్ (విలువ లేనిది) అయితే సొంత పేరును ఇవ్వండి. తరువాత అదే పద్ధతిలో ఐడీని ఇస్తే ఒకే పేరున్న రెండు తల్లి వరుసల పిల్లలు కలిసిపోరు. ఆపైన పేరెంట్ ఐడీ నల్ అయితే 0, కాకపోతే 1 ఇచ్చే కేస్, చివరగా సొంత పేరు ఉండాలి.

ఫిల్టర్ పెట్టే వేర్ షరతులోనూ ఆ కోయలెస్‌నే వాడండి. తల్లి పేరును ఒక్కదాన్నే పోల్చితే, పై స్థాయి వరుసలో అది నల్ కనుక ఆ పోలిక నిజం కాదు, వరుస రాలిపోతుంది.

ఇదంతా రెండు స్థాయిలకే సరిపోతుంది. కాలనీలు, వీధులు కూడా చేర్చే ఆలోచన ఉంటే రికర్సివ్ సీటీఈ (తన ఫలితాన్నే మళ్లీ వాడుకుంటూ స్థాయి తరువాత స్థాయి దిగే క్వెరీ) వాడడం మేలు; మైఎస్‌క్యూఎల్‌లో అది 8.0 నుంచే ఉంది. అందులో ఐడీలను కలిపి దారిగా పేర్చేటప్పుడు ఎల్‌ప్యాడ్ ఫంక్షన్‌తో ముందు సున్నాలు చేర్చండి, లేకపోతే అంకెలను అక్షరాల్లా పోల్చడం వల్ల 10 వచ్చి 2 కంటే ముందు నిలుస్తుంది.