డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఏం పని చేస్తారు?

ఏ ఉద్యోగాల్లో ఆస్తమా ముప్పు ఎక్కువ అని అడిగారు. నన్నడిగితే కార్లకు స్ప్రే గన్‌తో రంగు కొట్టే పని తర్వాతే ఏదైనా. మా అన్నయ్య చేసింది అదే.

రంగు గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. థిన్నర్ ఘాటుకు అందరూ ముక్కు మూసుకుంటారు గానీ, అసలు ప్రమాదం వీటితోనే. హాని చేసే మోతాదులో గాలిలో ఉన్నా ముక్కు పసిగట్టలేదు. ఒక సాయంత్రం అన్నయ్యను తీసుకురావడానికి వెళ్లాను. బానెట్‌కు ఆఖరి కోటు కొట్టి, గన్ పక్కన పెట్టి, మాస్కు నుదుటి మీదికి తోసి, ఎక్కడైనా రంగు జారిందేమోనని ముఖం రేకుకు జానెడు దూరంలో పెట్టి చూస్తున్నాడు. కంటికి తుంపర కనిపించడం లేదు కదా అని అక్కడ అందరూ చేసే పనే అది. కనిపించని తుంపర ఆ తర్వాత కూడా చాలాసేపు గదిలోనే ఉంటుంది. ఆ రాత్రి మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి ఊపిరి కోసం పెనుగులాడాడు. పిల్లికూతలు పక్క గదిలోకి వినిపించాయి.

సెలవు పెడితే దగ్గు పోయేది, పనిలోకి వెళ్తే మళ్లీ పట్టుకునేది. ఇద్దరు డాక్టర్లు బ్రాంకైటిస్ అని మందులిచ్చి పంపారు. ఏం పని చేస్తావని ఒక్కరూ అడగలేదు! రోగిని వృత్తి ఏమిటో అడిగి తీరాలని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే రాశాడు. పిండి మరల్లో, రొట్టెల బట్టీల దగ్గర పనిచేసేవారి ఆయాసం గురించీ రాశాడు. ఇప్పటికీ ఆ ఒక్క మాట అడిగే తీరిక లేదంటే నాకు ఒళ్లు మండుతుంది. పెద్దవాళ్ల ఆస్తమాలో సుమారు 15 శాతం పనితో ముడిపడిందేనని అంచనా.

మూడో డాక్టరు అడిగారు. ఊపిరి ఎంత వేగంగా బయటికి వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటరు ఇచ్చి, పని రోజుల్లోనూ సెలవుల్లోనూ రోజుకు నాలుగైదుసార్లు ఊది అంకెలు రాసుకోమన్నారు. ఆ కాగితం చూస్తే చదువు రానివారికైనా తెలిసిపోతుంది: పని రోజుల్లో గీత కిందికి, సెలవుల్లో పైకి. ఐసోసైనేట్లు ఒకసారి ఒంటికి పడకుండా పోయాక రవ్వంత తగిలినా చాలు, ఆయాసం వచ్చేస్తుంది. అందుకే అన్నయ్య ఆ పని వదిలేశాడు. ఇన్‌హేలర్ మాత్రం వదల్లేదు.

ఇక యజమానులు చేతిలో పెట్టే కాగితపు మాస్కులు ఐసోసైనేట్ ఆవిరిని ఆపవు. గొట్టం ద్వారా బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు ఉండాలి. ఐరోపా సమాఖ్యలో 2023 ఆగస్టు నుంచి డైఐసోసైనేట్లు (ఐసోసైనేట్లలో ఒక రకం) వాడేవారికి శిక్షణ తప్పనిసరి చేశారు. మిగతా చోట్ల ఎందుకు చేయరు?

బేకరీ పిండి, వడ్రంగి పొట్టు, సోల్డరింగ్‌లో వచ్చే రోజనం పొగ, జుట్టు రంగు తీసే పౌడరు, ప్రయోగశాలలో ఎలుకలు, అన్నీ ఈ జాబితాలోవే. ఎవరూ లెక్కలోకి తీసుకోనిది పారిశుద్ధ్య కార్మికులను. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుందని వాళ్లకు చెప్పేవారే ఉండరు.

మీకూ సెలవుల్లో తగ్గి, పనిలో పెరుగుతుంటే, తీవ్రంగా లేనంతవరకు ఉద్యోగం మానేయకముందే డాక్టరుకు చెప్పి ఆ అంకెలు రాయించుకోండి. మానేశాక కారణం పనేనని రుజువు చేయడం చాలా కష్టం.